రోడ్డుకు ఇంటిపేరు

పుట్టిన పిల్లకు ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెడతాం. హైదరాబాద్ నుంచి మా వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వెళ్ళే జాతీయ రహదారికి మాత్రం ముదురు వయసులో, 2010లో, పేరు మార్చారు. అంతవరకూ 202గా బతికినది 163 అయింది. పాత పేరే తెలియని వాళ్ళం కాబట్టి మేమెవరమూ బాధపడలేదు.

ఇందులో శాస్త్రం లేదనుకునేరు. ఉత్తర దక్షిణాలుగా నడిచే రోడ్లకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. తూర్పు పడమరల రోడ్లకు బేసి సంఖ్యలు. ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. (అమెరికా అంతర్రాష్ట్ర రహదారులకు సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడినుంచి సెలవులకు వచ్చిన మా పెద్దమ్మ మనవడు మనదే తప్పంటాడు.) మూడంకెలు ఉంటే చివరి రెండూ ఇంటిపేరు. నిజామాబాద్, జగిత్యాల, మంచిర్యాల మీదుగా సాగే 63 తండ్రి. 163, 563 దాని సంతానం. 563 జగిత్యాలలో తండ్రి గడప దిగి, కరీంనగర్ దాటి, వరంగల్‌లో తోబుట్టువును పలకరించి ఖమ్మం దారి పడుతుంది. కళ్ళ ముందు ఇంత కుటుంబగాథ నడుస్తుంటే "కరీంనగర్ రోడ్డు", "ఖమ్మం రోడ్డు" అనేసి ఊరుకునే జనాన్ని ఏమనాలి?

జనానిది మరీ వింత పద్ధతి. హనుమకొండలో ములుగు రోడ్డు, ములుగు చేరేసరికి వరంగల్ రోడ్డు. మేము హైదరాబాద్ రోడ్డు అనేదాన్ని ఉప్పల్‌వాళ్ళు వరంగల్ హైవే అంటారు. ఏ ఊరూ తన పేరు తన రోడ్డుకు పెట్టుకోదు. పెళ్ళయిన ఆడపిల్లను అత్తగారి ఊరి పేరుతో పిలిచినట్టు, పోయే ఊరి పేరే ఖాయం. రెండేళ్ళకోసారి జాతర వచ్చిందంటే అదీ రద్దు, ఉన్నదంతా మేడారం రోడ్డే.

నాయకుల పేర్లకూ ఇదే గతి. రాజీవ్ రహదారి ఒక్కటి నోళ్ళలో నిలిచింది. అది నాయకుడి గొప్ప కాదు, రెండు 'ర'కారాల గొప్ప అని నా అనుమానం. మా నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు పేరు హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల వంతెన రోడ్డుకు పెట్టారు. దాని కింద కాపురముండేవాళ్ళను చిరునామా అడగండి, పిల్లర్ నంబరు చెబుతారు. అంకెలంటే పడనిది రోడ్డు విషయంలోనే, స్తంభాల విషయంలో కాదన్నమాట.

ఈ అజ్ఞానాన్ని తొలగించే పని నేనే మొదలుపెట్టాను. మొన్న ములుగులో, రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతూ యజమానిని అడిగాను: "163 ఎక్కడండీ?"

ఆయన గ్లాసులు కడగడం ఆపి, కాస్త జాలిగా చూశాడు.

"ఆ నంబరు బస్సు ఇటు రాదు సార్. వరంగల్ రోడ్డు మీద నిలబడండి, ఏదో ఒకటి దొరుకుతుంది."

నిలబడ్డాను. దొరికింది.