పల్లెలో తప్పించుకోలేం, పట్నంలో అడగలేం

పల్లెవాళ్లు మంచివాళ్లు, పట్నంవాళ్లు మనసులేనివాళ్లు అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆ మంచితనం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు. పల్లెలో ఒక మనిషితో మనకుండే సంబంధం ఒక్కటి కాదు. పొరుగువాడే చుట్టం. గట్టు పంచుకునేదీ, అవసరానికి చేబదులిచ్చేదీ, రేపు తగువొస్తే సాక్ష్యం చెప్పేదీ వాడే. వాడితో మాటా మాటా పెరిగితే నీళ్ల వంతు నుంచి పెళ్లి సంబంధం దాకా అన్నీ కదులుతాయి. అందుకే చాలా కోపాలు గొంతు దాటవు.

మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ నేటి జాంబియాలోని లోజీ ప్రజల న్యాయస్థానాల గురించి 1955లో రాస్తూ ఇలాంటి సంగతే చెప్పాడు. తగువు పడ్డవాళ్లు రేపు కూడా కలిసే బతకాలి కాబట్టి, అక్కడి తీర్పరులు తప్పెవరిదో తేల్చి ఊరుకోకుండా వీలైనంతవరకూ రాజీ కుదిర్చేవారు. ఆ రాజీలన్నీ న్యాయమైనవేనా అన్నది వేరే సంగతి. బలహీనుడి చేత తల ఊపించి రాజీ అనిపించుకున్నవి ఏ ఊళ్లోనైనా ఉంటాయి.

పట్నంలో ఒక మనిషితో ఒకటే పని. అమ్మేవాడు అమ్ముతాడు, ఇంటి యజమాని అద్దె తీసుకుంటాడు, అంతే. ఎదురుపడ్డ ప్రతి మనిషికీ పల్లెలోలా మనసిస్తూ పోతే నగరవాసి నిలవలేడనీ, ఆ ముభావం తనను తాను కాపాడుకోవడమేననీ 1903లోనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త జార్జ్ జిమ్మెల్ వివరించాడు. ఆ ముభావం కొందరికి వరం. మధ్యయుగపు జర్మన్ నగరాలు చాలావాటిలో ఏడాది మీద ఒక రోజు నివసించిన అర్ధబానిస మీద భూస్వామికి హక్కు పోయేది. ఇష్టపడి పెళ్లాడినవాళ్లూ, ఊరు వెలివేసినవాళ్లూ ఇప్పటికీ పట్నం దారే పడతారు. పల్లెను తలచుకుని కన్నీళ్లు పెట్టుకునే వ్యాసాల్లో వీళ్లు సాధారణంగా కనిపించరు.

బతుకుతెరువు విషయంలోనూ పైపై పరిచయాలే ఎక్కువ అక్కరకొస్తాయి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో ప్రచురించిన పరిశీలనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు అందింది ఆప్తుల నుంచి కాదు, అప్పుడప్పుడూ కలిసేవాళ్ల నుంచి. ఆప్తులకు తెలిసిందల్లా మనకూ ముందే తెలిసి ఉంటుంది మరి.

అయితే పట్నం చేతులెత్తేసే చోటు ఒకటుంది. పల్లెలో పొద్దెక్కినా తలుపు తీయకపోతే ఎవరో ఒకరు వచ్చి తడతారు. ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో ఆరా తీసే కళ్లే ఇదీ గమనిస్తాయి. ఒకటి వద్దని రెండోది ఉంచుకోవడం కుదరదు. పట్నంలో సాయం కావాలంటే నోరు తెరిచి అడగాలి, లేదా డబ్బిచ్చి కొనుక్కోవాలి. వయసులో ఉండి, చేతిలో నాలుగు డబ్బులున్నవాడికి ఇది స్వేచ్ఛ. మంచం పట్టిన ముసలివాళ్లకూ, ఒంటరి బాలింతకూ కాదు.

వీధిలో తిరిగే జనం, అంగళ్లవాళ్ల కళ్లే వీధికి కాపలా అని నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లో వాదించింది. మనం కట్టుకుంటున్న ప్రహరీ నివాసాల్లో (గేటెడ్ కమ్యూనిటీల్లో) ఆ కళ్ల స్థానంలో కెమెరాలు వచ్చాయి. లోపలికి ఎవరొచ్చారో అవి చూపిస్తాయి. రెండు రోజులుగా ఎవరు బయటికి రాలేదో అడగవు. ఇక నివాసితుల ఫోన్ గ్రూపులైతే పల్లె ఆరాలన్నీ తెచ్చుకున్నాయి, తలుపు తట్టే అలవాటు తప్ప.

పల్లె కూడా పాత పల్లెలా లేదు. 1950లో ప్రపంచ జనాభాలో సుమారు 30 శాతమే పట్టణాల్లో ఉండేది. 2007 నాటికి సగం దాటింది. వయసులో ఉన్నవాళ్లు వెళ్లిపోయిన ఊళ్లలో తలుపు తట్టడానికి వచ్చే పొరుగామె కూడా డెబ్బై దాటిన మనిషే.