ఫోన్ ఉన్నోళ్లంతా విలేకర్లేనా?

నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ రకరకాల రూపాల్లో తిరుగుతోంది. సారం ఇది: "పేపర్ల జమానా అయిపోయింది. చేతిల ఫోన్ ఉన్నోడల్లా విలేకరే. వీడియో ఉన్నంక రుజువెందుకు? పేపర్ తెల్లారి రాసేది మనకు రాత్రే తెలుస్తది. తప్పయితే డిలీట్ కొడితే అయిపాయె. గ్రూపుల ఫ్రీగ వచ్చే వార్తకు పైసలు పెట్టుడెందుకు? పేపరోళ్లు ఏనాడన్న నిజం రాసిండ్రా?"

చివరి మాట వెనుక ఉన్న కోపం ఊరికే పుట్టలేదు. దాని సంగతి తర్వాత చూద్దాం. మిగతావి మాత్రం ఒక్కొక్కటిగా విప్పితే నిలబడవు.

"వీడియో ఉన్నంక రుజువెందుకు?"

ఎక్కడో ఎప్పుడో ఏదో జరిగిందని మాత్రమే వీడియో చెబుతుంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చడమే విలేకరి పని. కృష్ణకు వరద వచ్చిన ప్రతిసారీ "సాగర్ గేట్లు ఎత్తిండ్రు" అంటూ పాత వీడియోలు బయటికొస్తాయి. ముందు గేట్లు లెక్కపెట్టాలి: నాగార్జునసాగర్‌కు 26, శ్రీశైలానికి 12. తర్వాత ఆ రోజు నీటిమట్టం చూడాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, గేట్లు ఆనుకునే స్పిల్‌వే అంచు 546 అడుగులు. మట్టం 540 దగ్గర ఉన్న రోజు గేట్లన్నీ ఎత్తినా చుక్క కిందికి దూకదు. మట్టం ఎంత, ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి అనేది ప్రాజెక్టు అధికారులే రోజూ చెబుతారు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే సంగతి ఇది.

రోడ్డు మీది గొడవో, ప్రమాదమో అయితే బండ్ల నంబర్లు చూడాలి. నల్లగొండ 05, మహబూబ్‌నగర్ 06, సూర్యాపేట 29, నాగర్‌కర్నూల్ 31. టీజీ నంబర్లు 2024 మార్చిలో మొదలయ్యాయి కాబట్టి ఆ అక్షరాలు కనిపిస్తే వీడియో అంతకు ముందుది కాదు. టీఎస్ నంబర్లు మాత్రమే ఉంటే కాలం గురించి ఏమీ తేలదు, పాత బండ్లు అవే నంబర్లతో తిరుగుతున్నాయి. "మన మిర్యాలగూడలో" అన్న వీడియోలో పది బండ్లు పోతూ ఒక్కటీ తెలంగాణది కాకపోతే మాత్రం ఆగి ఆలోచించాలి. ఆ తర్వాత దుకాణాల బోర్డులు చదవాలి, స్పష్టంగా ఉన్న రెండు మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకాలి.

చాలామంది బోల్తాపడేది ఫైల్ పేరు దగ్గర. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ ఫొటో పేరులో ఉండే తేదీ అది మీ ఫోన్‌కు చేరిన రోజు. తీసిన రోజు అది కానక్కర్లేదు. ఫొటోను మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు వంటి లోపలి వివరాలను వాట్సాప్ తీసేస్తుంది. అందుకే తీసినవాళ్లను పట్టుకుని "డాక్యుమెంట్‌గా పంపు" అని అడగాలి, అప్పుడు అసలు ఫైల్ వస్తుంది. నాలుగు చేతులు మారిన కాపీతో ఈ పని జరగదు. కోర్టు కూడా వీడియోను చూసి ఊరుకోదు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద, అది ఏ పరికరం నుంచి ఎలా తీసిందో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి.

"రాత్రే తెలుస్తది"

ఏం తెలుస్తుంది? 2018 ఎండాకాలంలో "పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు దిగినయి" అన్న సంగతి కూడా రాత్రికి రాత్రే ఊరూరా తెలిసింది. అప్పుడు దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన ప్రచార చిత్రం. అందులో పిల్లవాడిని మళ్లీ తెచ్చి దింపే చివరి ముక్కను కత్తిరించి వదిలారు. ఆ అనుమానంతో జనం కొట్టగా మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పటి జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, జనంతో నేరుగా మాట్లాడించాల్సి వచ్చింది. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. వేగం వల్ల ఏమవుతుందో కంపెనీకి కూడా అర్థమైంది.

ఫోన్ చేరని చోటు సంగతి వేరే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. కూలింది సొరంగం నోటి నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. అక్కడి నుంచి లైవ్ పెట్టేవాడెవడూ లేడు. బురద ఎంత మేర నిండింది, ఊట నీరు ఎంత వస్తోంది, తవ్వే యంత్రం ఎక్కడ ఇరుక్కుంది, ఈ రాతి పొర గురించి ముందే ఎవరైనా హెచ్చరించారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు అధికారుల బ్రీఫింగ్‌లో, ఇంజినీర్ల దగ్గర, పాత నివేదికల్లో వెతకాల్సిందే. నల్లగొండకు శ్రీశైలం నీళ్లు తేవడానికి తవ్వుతున్న దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. దాని చరిత్ర తెలియకుండా గేటు బయట మైకు పట్టుకుంటే చెప్పగలిగింది "ఉత్కంఠ" అన్న ఒక్క మాటే, అదే రోజంతా చెప్పారు కూడా.

"ఫోన్ ఉన్నోడల్లా విలేకరే"

వడ్ల సీజన్‌లో వచ్చే వీడియోనే తీసుకుందాం. కొనుగోలు సెంటర్‌లో కాంటా దగ్గర రైతు నిలబడి "బస్తాకు రెండు కిలోలు కోస్తున్నరు" అంటాడు. ఆయన చెప్పేది నిజమే కావచ్చు, చాలాసార్లు నిజమే. కానీ కోసింది ఎవరు?

మొదట కాంటా లెక్క. 40 కిలోల వడ్లు, పైన ఖాళీ గోనె సంచి బరువు అర కిలో పైచిలుకు. అంటే బస్తా 40 కిలోల 600 గ్రాముల దగ్గర తూగితే అందులో మోసం లేదు. 41 దాటిందంటే అడగాలి, 42 అంటే గట్టిగా అడగాలి. రెండోది తేమ: 17 శాతం లోపు ఉండాలి. మీటర్‌లో ఎంత చూపించిందో, అది ఎక్కడ రాశారో చూడాలి. మూడోది తాలు, అంటే గింజ లేని పొల్లు. వడ్లు తూర్పార పట్టారా, లేదా? నాలుగోది అసలైనది, ట్రక్ షీట్, అంటే లారీ లోడు వెంట పోయే కాగితం. సెంటర్‌లో సరిగ్గానే తూచి లారీ పంపుతారు. మిల్లు దగ్గర "తాలుంది, తేమ ఉంది" అని లారీ దించుకోకుండా నిలబెడతారు. సెంటర్ వాళ్లు తరుగుకు, అంటే బరువు కోతకు ఒప్పుకున్నాకే దించుకుంటారు. ఆ కోత రైతు ఖాతాలో పడే డబ్బులో తేలుతుంది. ట్రక్ షీట్‌లో సెంటర్ రాసిన బరువు, మిల్లు ఒప్పుకున్న బరువు పక్కపక్కన పెడితేనే దొంగ ఎవరో తెలుస్తుంది. వీడియోలో కనిపించింది మాత్రం మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో కాంటా వేసే మహిళా సంఘం సభ్యురాలు. తిట్లన్నీ ఆమెకే.

ఆ తర్వాత సెంటర్ నిర్వాహకులను, మిల్లు యజమానిని, పౌర సరఫరాల సంస్థ జిల్లా మేనేజర్‌ను విడివిడిగా అడిగి, వాళ్ల జవాబు కూడా రాయాలి. కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది: గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు గడువు. ఈ పని ఎవరైనా చేయొచ్చు, విలేకర్లకు సర్కారు ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు అక్కర్లేదు. చేసినవాళ్లు విలేకర్లే, కాదనం. చేయకుండా లైవ్ కొట్టినవాళ్ల దగ్గర ఉన్నది ఫోన్ మాత్రమే.

"డిలీట్ కొడితే అయిపాయె"

కాదు. "అందరికీ డిలీట్" కొడితే మీ గ్రూపులో ఆ ఒక్క మెసేజ్ పోతుంది, ఫార్వర్డ్ అయినవి పోవు. కేసూ పోదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో పేరు, ఫొటో, చిరునామా, బడి, ఇరుగుపొరుగు వివరాలు సహా ఏదీ బయటికి రాకూడదు, పోక్సో చట్టం 23వ సెక్షన్ అదే చెబుతోంది. ముఖం మసకచేసి ఇంటి ముందు నిలబడి లైవ్ ఇచ్చినా గుర్తు చెప్పినట్టే. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం సెక్షన్ గురించి "66ఏ కొట్టేసిండ్రు కదా" అనేవాళ్లున్నారు. సుప్రీంకోర్టు 2015లో దాన్ని కొట్టేసిన మాట నిజం. పరువునష్టం, వదంతుల సెక్షన్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఫ్రీగ వచ్చే వార్త"

ఎవరో ఒకరు పైసలు పెడుతూనే ఉన్నారు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. దేవరకొండ పక్క తండాలో బోరు చెడిపోయిన వార్తను ఆ తండా వాళ్లు, చుట్టుపక్కల వాళ్లు చూస్తారు. దాంతో పెట్రోల్ ఖర్చు కూడా రాదు. అందుకే ఛానల్ నడవాలంటే నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు కావాలి, ఆ నాయకుడి మీద వార్త రాకూడదు.

"పేపరోళ్లు ఏనాడన్న నిజం రాసిండ్రా?"

1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక, 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' వచ్చింది నిజాం రాజ్యంలో. 'ఏనాడన్న' అనే మాట ఈ గడ్డ మీద చెల్లదు.

ఈనాటి సంగతి అడిగితే కోపం న్యాయమే. చాలాచోట్ల మండల విలేకరికి జీతం లేదు. అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్, పైన ప్రకటనల కమీషన్. దసరాకు టార్గెట్ ఇస్తారు. సర్పంచ్ దగ్గర ప్రకటన తీసుకున్న చేత్తో అదే సర్పంచ్ వేసిన సీసీ రోడ్డు నాణ్యత మీద రాయమంటే ఎవరు రాస్తారు? జిల్లా పేజీ సన్మానాలతో నిండడానికి కారణం ఇదే. హాస్టల్ అన్నంలో పురుగుల వీడియోను ఒక విద్యార్థిని బయటపెడితే తప్ప పేపర్ కదలని రోజులు ఉన్నాయి. అక్కడ ఫోన్‌దే గెలుపు. అయినా ఒక తేడా ఉంది: పేపర్ అడుగున సంపాదకుడి పేరు, అచ్చయిన చోటు ఉంటాయి, నోటీసు ఎవరికి పంపాలో తెలుస్తుంది. అడ్మిన్ ఎవరో తెలియని గ్రూపుకు ఎవరు పంపాలి, ఎక్కడికి?

మీ ఊళ్లో ఏదైనా తీసినప్పుడు వీడియోను అడ్డంగా, ఆపకుండా తీయండి. మొదట్లోనే ఊరి బోర్డో, బడి పేరో పడేలా ఒకసారి తిప్పండి. పాట కలపొద్దు, ఎడిట్ చేయొద్దు, అసలు ఫైల్ ఫోన్‌లో ఉంచండి. గ్రూపులో పెట్టే ముందు విలేకరికి డాక్యుమెంట్‌గా పంపుతూ మూడు సంగతులు రాయండి: ఏ రోజు ఎన్ని గంటలకు తీశారు, మీరు కళ్లతో చూసింది ఎంత, ఎవరో చెప్పగా విన్నది ఎంత.