హై లైన్ గారూ, ఒక్కసారి వెనక్కి చూస్తారా?

2025 నవంబర్ 6

ఫుట్‌బాల్‌లో గోల్‌కు దూరంగా, మధ్య గీత దాకా ముందుకొచ్చి నిలబడే డిఫెండర్ల వరస అయిన మహారాజశ్రీ హై లైన్ డిఫెన్స్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ ఇటువైపు కుశలం ఏమీ లేదండీ. కళ్ళు మండుతున్నాయి, పదింటికి మీటింగ్ ఉంది, రెండో కాఫీ కూడా పనిచెయ్యట్లేదు. మీరు మాత్రం కులాసాగానే ఉండుంటారు. రాత్రి బెల్జియంలోని బ్రూజ్‌లో మా బార్సిలోనా మూడు గోల్స్ తిన్నా మీరు నిలబడ్డ చోటి నుంచి ఒక్క గజం కూడా వెనక్కి జరగలేదు కదా, ఇక మీకు ఒళ్ళు నొప్పులెందుకుంటాయి?

మూడుసార్లు వెనకబడ్డాం, మూడుసార్లు సమం చేశాం. 61వ నిమిషంలో మన యమాల్ అంత అందమైన గోల్ వేస్తే నేను సోఫాలోంచి లేచి, ఇంట్లోవాళ్ళు నిద్రలేస్తారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఓ కేక వేసి, మళ్ళీ కూర్చోబోతుండగానే 63వ నిమిషంలో బ్రూజ్ ఆటగాడు కార్లోస్ ఫోర్బ్స్ మన కీపర్ ఎదుట ఒంటరిగా ప్రత్యక్షమయ్యాడు. అప్పటికే వాడు మీ వెనక నుంచి దూరి ఒకటి వేసి ఉన్నాడు. ఒకే మనిషి, ఒకే దారి, రెండుసార్లు. ఆఖర్లో నాలుగోది కూడా పడేదే, రిఫరీ వీడియో చూసొచ్చి కీపర్ మీద ఫౌల్ అన్నాడు కాబట్టి 3-3తో పరువు దక్కింది.

గోల్స్ పడతాయండీ, నేను కాదనను. నా బాధంతా మీవాళ్ళు ఆఫ్‌సైడ్ అంటూ ఎత్తే ఆ చెయ్యి గురించే.

అవతలి మిడ్‌ఫీల్డర్ కాళ్ళ దగ్గర బంతి ఉంటుంది. వాడి మీదకు వెళ్ళేవాడు ఎవడూ లేడు. వాడు తీరిగ్గా తలెత్తి చూస్తాడు. మీ నలుగురూ మధ్య గీతకు కాస్త ఇవతల వరసగా నిలబడి ఉంటారు, వెనక నలభై గజాల పచ్చిక ఖాళీ. ఫార్వర్డ్ కదులుతాడు. అప్పుడు మామూలు మనిషైతే ఏం చేస్తాడు? వెనక్కి తిరిగి పరుగెడతాడు. మీవాళ్ళు అలా చెయ్యరు, పాస్ వేసేసరికే వాడు మమ్మల్నందరినీ దాటి ఉన్నాడు, ఆఫ్‌సైడ్, గోల్ చెల్లదు అని లైన్స్‌మన్ వైపు చూస్తూ చెయ్యెత్తుతారు. ఆగకుండా పోతున్న ఆర్టీసీ బస్సుకు చెయ్యెత్తినట్టు. బస్సు పోతుంది. లైన్స్‌మన్ జెండా ఎత్తడు, ఎందుకంటే తేడా కొద్దిపాటిదైతే ఆ ఎటాక్ ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగమని ఇప్పుడు ఆయనకు చెప్పి పెట్టారు. వాడు గోల్ వేస్తాడు, మూల జెండా దగ్గరికెళ్ళి సంబరం చేసుకుంటాడు, మీవాళ్ళ చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంటుంది. తర్వాత తెర మీద రంగు రంగుల బొమ్మ వస్తుంది, వాడి భుజం ఎక్కడుంది, మనవాడి మడమ ఎక్కడుంది అని. ఆ బొమ్మ వచ్చేలోపు నాకు పట్టే టెన్షన్‌కు ఏ ఇన్సూరెన్సూ వర్తించదు. నిజంగానే ఆఫ్‌సైడ్ అయినా సరే, ఆ నిమిషం ఆయుష్షు నాకు తిరిగిరాదు.

దీన్ని పట్టుకుని మా వాట్సాప్ గ్రూపులో ఇంగ్లిష్ లీగ్ బ్యాచ్ పొద్దున్నే మొదలుపెట్టారు, స్పెయిన్‌లో డిఫెన్స్ ఎవడికీ రాదని. నా ఖర్మ కాకపోతే మిమ్మల్ని తిట్టుకుంటూనే మీ తరఫున వాదించాల్సి వచ్చింది. బాబూ, పోయిన సీజన్‌లో (2024-25) మీ ఛాంపియన్ లివర్‌పూల్ లీగ్‌లో 41 గోల్స్ ఇచ్చింది, ఇంత తెరిచి ఆడిన మా బార్సిలోనా ఇచ్చింది 39 అన్నాను. స్పెయిన్‌లో డిఫెన్స్ రాదా? 2015-16లో కోచ్ సిమియోనే అట్లెటికో మాడ్రిడ్ 38 మ్యాచ్‌ల్లో ఇచ్చింది 18 గోల్స్. నలుగురు, వాళ్ళ ముందు ఇంకో నలుగురు, మధ్యలో చీమ దూరే సందు లేదు, హై లైన్ గారూ, మీ అవసరమే లేదు. సరిగ్గా అదే 18 గోల్స్ 1990-91లో ఇంగ్లండ్‌లో కోచ్ జార్జ్ గ్రాహమ్ ఆర్సెనల్ ఇచ్చింది, అదీ 38 మ్యాచ్‌ల్లోనే, అదీ మిమ్మల్ని నెత్తిన పెట్టుకుని. వాళ్ళ కెప్టెన్ ఆడమ్స్ చెయ్యెత్తితే జెండా లేచేది. అంటే చెయ్యెత్తే ఈ జబ్బు మొదట బాగా ముదిరింది ఇంగ్లండ్‌లోనే. ఇప్పుడు అక్కడ మీ సేవ శ్రద్ధగా చేస్తున్నది ఆస్టన్ విల్లాలో కోచ్ ఉనాయ్ ఎమెరీ, ఆయనదేమో స్పెయిన్. ఇక్కడ చేస్తున్న మా కోచ్ ఫ్లిక్‌దేమో జర్మనీ. ఇక ఏ దేశపు డిఫెన్స్ గురించి మాట్లాడతారు?

(ఇంగ్లిష్ బ్యాచ్ వాళ్ళ ముచ్చట నేను ఎత్తలేదు గానీ, కార్నర్ వస్తే కీపర్ చుట్టూ ఆరుగురు కుస్తీ పట్టడం, త్రో వేసేముందు బంతిని తువ్వాలుతో అరనిమిషం తుడవడం కూడా ఆటే అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. స్పెయిన్‌లోని హెటాఫే జట్టు ఒక గోల్ ఆధిక్యం వచ్చాక ఎలా కిందపడుతుందో వాళ్ళూ అడగకూడదు మరి.)

వాళ్ళన్న దాంట్లో ఒక్క మాట మాత్రం నిజం. మీరు ఇంగ్లండ్‌లో ఇలా నిలబడితే శిక్ష ఇంకా తొందరగా పడుతుంది. అక్కడ బంతి చేజిక్కితే రెండు పాసుల్లో అటు చివర ఉంటారు, కింది జట్లలో కూడా జింకల్లాంటి వింగర్లున్నారు, కొనుక్కోడానికి డబ్బూ ఉంది. స్పెయిన్‌లో సగం జట్లు బంతి దొరికాక కాస్త ఊపిరి పీల్చుకుంటాయి, ఆ ఊపిరి మీదే మీరు ఇన్నాళ్ళు బతికారు. 2023 నవంబర్‌లో చెల్సీ మీద టాటెన్‌హామ్‌కు రెండు రెడ్ కార్డులు పడి తొమ్మిదిమందే మిగిలారు గుర్తుందా? వాళ్ళ అప్పటి కోచ్ పోస్టెకోగ్లూ అప్పుడు కూడా మిమ్మల్ని మధ్య గీత దగ్గరే నిలబెట్టాడు. 1-4. చెల్సీ ఆటగాడు నికొలస్ జాక్సన్ హ్యాట్రిక్. ఓడినా జనం లేచి చప్పట్లు కొట్టారు, అంత పిచ్చి పట్టించారు మీరు. ఆ పెద్దమనిషే 2025 మేలో బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్‌కు మిమ్మల్ని ఇంట్లో వదిలేసి వచ్చాడు. జట్టంతా గోల్ ముందు కాచుకుని కూర్చుంది, 1-0తో గెలిచింది, 17 ఏళ్ళ తర్వాత కప్పు ఎత్తింది. లీగ్‌లో మీతో కాపురం చేసి తెచ్చుకున్న స్థానం కూడా 17 అనుకోండి.

ఇన్ని అంటున్నా గానీ, 2024 అక్టోబర్ 26 రాత్రిని మర్చిపోయేంత విశ్వాసఘాతకుణ్ణి కాను. రియల్ మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలో, వాళ్ళ ఎంబాపే అంతటివాణ్ణి ఎనిమిదిసార్లు ఆఫ్‌సైడ్‌లో పట్టారు. వాళ్ళ జట్టు మొత్తం మీద పన్నెండు. వాడు గోల్ వేసి చేతులు చాచడం, జెండా లేవడం, మనం 4-0. ఆ రాత్రి మిమ్మల్ని చూస్తే దండం పెట్టాలనిపించింది.

మరి ఆ రోజు ఎందుకు కుదిరింది, బ్రూజ్‌లో ఎందుకు కుదరలేదు? ఇందులో రాకెట్ సైన్సేమీ లేదు. ఆ రోజు ముందున్నవాళ్ళు బంతి ఉన్నవాడి మీద పడ్డారు, వాడికి తలెత్తే వ్యవధి లేదు, గురి చూసి పాస్ వేసే అవకాశం లేదు. వెనక ఇనిగో మార్టినెజ్ ఉన్నాడు, ఎప్పుడు ముందుకు, ఎప్పుడు వెనక్కి అని అరుస్తూ మిమ్మల్ని అందరినీ ఒక్క తాడుతో నడిపించేవాడు. ఆగస్టులో ఆయన సౌదీకి వెళ్ళిపోయాడు. ముందువాళ్ళు ఇప్పుడు ఒకడు పరుగెడితే ఇద్దరు చూస్తున్నారు. ముందు ప్రెస్సింగ్ లేకపోతే నువ్వు డిఫెన్స్ కాదయ్యా, ప్రత్యర్థికి పంపిన శుభలేఖవి! అది తెలిసి కూడా నువ్వు అక్కడే నిలబడతావు చూడు, అదీ నాకు మండేది. ప్రెస్ చెయ్యనివాడు హాయిగా ఉంటాడు, రీప్లేలో మాత్రం వెనక పరుగెత్తలేక రొప్పుతున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడి మొహమే చూపిస్తారు. సిద్ధాంతం అంటావా? కాలికి ముల్లు గుచ్చుకుంటుంటే సిద్ధాంతం ఏంటి, కాలు తియ్యి! ఫార్వర్డ్‌లు అలిసిన రోజు పదిహేను గజాలు దిగితే ఎవడూ నిన్ను పిరికివాడు అనడు. అన్నా నష్టం లేదు, పాయింట్లు ఉంటాయి.

ఆదివారం విగోలో సెల్టాతో ఆట. మనకు అదీ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకే. అక్కడ వాళ్ళ ఫార్వర్డ్ ఇయాగో ఆస్పాస్ ఉన్నాడు, ఆయనకు 38 ఏళ్ళు. ఆయన్ని కూడా నీ వెనక దూరనిచ్చావో, ఆ వచ్చే శనివారం నుంచి నేను రాత్రి ఎనిమిదిన్నరకు ఇంగ్లిష్ లీగ్ మ్యాచ్ పెట్టుకుని, తువ్వాలుతో బంతి తుడవడం చూస్తూ అన్నం తినేసి, పదిన్నరకు పడుకుంటాను.