సవరణ: బొద్దింకల జెల్ మీద స్ప్రే కొట్టొద్దు

పాత అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో "జెల్ పెట్టి, స్ప్రే కొట్టండి" అని ఉంది. జెల్ అంటే బొద్దింకలు తిని చచ్చే ఎర మందు. జెల్, స్ప్రే రెండూ ఒకేచోట అని చాలామంది అర్థం చేసుకున్నారు. అలా వద్దు. స్ప్రే పడిన జెల్‌ను బొద్దింకలు ముట్టుకోవు. పైగా గోడ సందుల్లోంచి పక్క ఫ్లాట్‌కి చెదిరిపోతాయి, మళ్లీ తిరిగొస్తాయి. వంటింట్లో జెల్ ఒక్కటే చాలు: సింకు కింద పైపు గోడలోకి దూరే చోట, అల్మారా తలుపు బందుల వెనక చిన్న చిన్న చుక్కలుగా పెట్టండి. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకూడదు.

జర్మన్ బొద్దింక (వంటిళ్లలో తిరిగే చిన్న గోధుమరంగు రకం) ఒక్క గుడ్ల సంచిలోనే 30 నుంచి 40 గుడ్లుంటాయి, అవి తర్వాత పిల్లలవుతాయి. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ జెల్ పెట్టాలి. పైపు చుట్టూ ఉన్న సందు పూడ్చమని ఓనర్‌ని మెసేజ్‌లోనే అడగండి, నోటిమాట నిలవదు. వీలైతే పక్కింటివాళ్లతో కలిసి ఒకేసారి చేయించండి.