ఎదురుగా నిలబడటానికి ఇంకో అమ్మాయి

2021 జులై 24. టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల 48 కిలోల జూడో. ఆ ఒలింపిక్స్‌లో జూడోకి మన దేశం నుంచి వెళ్లింది ఒక్కరే, మణిపూర్ అమ్మాయి సుశీలా దేవి. మొదటి బౌట్‌లోనే ఓడిపోయింది. అదే రోజు అదే బరువులో స్వర్ణం గెలిచింది యూరప్‌లోని చిన్న దేశం కొసోవోకి చెందిన డిస్ట్రియా క్రాస్నికి. 26న 57 కిలోల్లో నోరా జాకోవా ఆ దేశానికే ఇంకో స్వర్ణం తెచ్చింది. కొసోవో జనాభా మొత్తం 20 లక్షల లోపే. హైదరాబాద్‌లో ఒక మూలకి సరిపోతారు.

ఈ రెండు స్వర్ణాల మధ్య, 25న, ఒక ఓటమి ఉంది. 52 కిలోల్లో రియో ఒలింపిక్స్ విజేత, కొసోవోకే చెందిన మైలిండా కెల్మెండి మొదటి బౌట్‌లోనే హంగరీ క్రీడాకారిణి చేతిలో ఓడి మ్యాట్ దిగింది. ఆమెకదే చివరి ఒలింపిక్స్. నాకు ఆసక్తి ఈ ఓటమి మీదే.

కెల్మెండి గురించి రాసేవాళ్లంతా కొసోవో యుద్ధం దగ్గరే మొదలుపెడతారు. 1991లో పుట్టింది. యుద్ధం ముగిసిన 1999లో, ఎనిమిదేళ్ల వయసులో జూడోలో చేరింది. 2012 నాటికి కొసోవోకి ఒలింపిక్ గుర్తింపు లేదు, లండన్‌లో అల్బేనియా తరఫున దిగింది. 2013లో, 2014లో ప్రపంచ ఛాంపియన్. రెండోసారి పోటీలు రష్యాలో జరిగాయి, అక్కడ సొంత జెండా కుదరలేదు, అంతర్జాతీయ జూడో సమాఖ్య జెండా కింద ఆడింది. (కొసోవోను మన దేశమూ గుర్తించలేదు, అది వేరే సంగతి.) 2016 రియోలో కొసోవో జెండా పట్టుకుని నడిచి, ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం గెలిచింది. అదీ స్వర్ణం.

సినిమాకి సరిపోయే కథే. కానీ కష్టాలే పతకాలు తెచ్చేట్టయితే మనకీపాటికి బీరువాలు చాలకపోవాలి.

అసలు సంగతి కొసోవోలోని పేయా అనే ఊళ్లో ఉంది. లక్ష జనాభా కూడా లేని ఊరు. డ్రిటోన్ కూకా అనే మాజీ జూడో ఆటగాడు యుద్ధం తర్వాత అక్కడ పిల్లలకి నేర్పడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు. కెల్మెండి, క్రాస్నికి, జాకోవా ముగ్గురూ అతని శిష్యులే. ఏళ్ల తరబడి ఒకే హాల్లో ఒకరినొకరు పడేసుకుంటూ పెరిగారు.

జూడోలో ఇదే కీలకం. బ్యాడ్మింటన్‌లో కోచ్ బుట్టెడు షటిళ్లు పెట్టుకుని ఒక్క అమ్మాయికి గంటల తరబడి ప్రాక్టీస్ చేయించగలడు. జూడోలో అలా కుదరదు. కాలరూ చెయ్యీ పట్టుకున్నాక ఎదుటి మనిషి బరువు ఏ కాలి మీదికి మారిందో ఆ క్షణంలో మన చేతులకి తెలియాలి. అది తెలియాలంటే దాదాపు మన బరువే ఉన్న మనిషి, మనల్ని పడేయాలని నిజంగా కసి ఉన్న మనిషి, రోజూ ఎదురుగా ఉండాలి.

మా మేనకోడలు సికింద్రాబాద్ వైపు ఒక హాల్లో నేర్చుకుంటోంది. పోయిన నెల చూడ్డానికి వెళ్లా. మ్యాట్లు పరుచుకోవడమూ పిల్లల పనే, తీయడమూ వాళ్ల పనే. వేళ్లకి తెల్ల టేపు చుట్టుకుని, స్తంభానికి కట్టిన సైకిల్ ట్యూబు పట్టుకుని లాగడం, తిరగడం, మళ్లీ లాగడం. వంద లెక్కపెట్టింది. ట్యూబుతో చేసే ఈ సాధన ప్రపంచమంతా ఉంది, తప్పేం లేదు. కానీ తర్వాత రాండోరీ, అంటే నిజంగా పట్టుబట్టే సాధన, మొదలయ్యేసరికి దానికి జోడీ లేదు. దాని బరువున్న ఇంకో అమ్మాయి ఇంటర్ పరీక్షలని మానేసిందట. అరవై కిలోల అబ్బాయితో దించారు. వాడు పాపం దెబ్బ తగులుతుందేమోనని చేతులు వదిలేస్తున్నాడు.

హైదరాబాద్‌కి ఈ లెక్క తెలియక కాదు. గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. సైనా తర్వాత సింధు, ఆమెతో పాటు ఇంకెంతోమంది అక్కడి నుంచే వచ్చారు. అంతకు చాలా ముందే పాతబస్తీ తాలీంఖానాల్లో ఒక ఉస్తాద్, ఒక గోదా, చుట్టూ పాతికమంది పహిల్వాన్లు ఉండేవారు. కూకా చేసిందీ అదే, కాకపోతే గోదాలోకి ఆడపిల్లలనూ రానిచ్చాడు.

మన ప్రభుత్వాలకి చేతనైంది పతకం వచ్చాక దండ వేయడం. 2022లో ప్రపంచ బాక్సింగ్ గెలిచిన నిఖత్ జరీన్‌కి తెలంగాణ రెండు కోట్లు ఇచ్చింది. ఇవ్వాల్సిందే, ఆమెకి అంతకన్నా ఎక్కువిచ్చినా తప్పులేదు. అయితే నిఖత్‌తో రోజూ దెబ్బలు తిని ఆమెని అంత గట్టిగా తయారుచేసిన అమ్మాయిల ఊసు ఏ జీవోలోనూ కనిపించదు. జూడోలో అయితే ఆ అమ్మాయిల్లోంచే తర్వాతి ఛాంపియన్ వస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కెల్మెండి పోటీకి దిగలేదు. ఆమె బరువైన 52 కిలోలకి క్రాస్నికి మారి రజతం గెలిచింది. మన తరఫున మళ్లీ ఒక్కరే, తులికా మాన్. మళ్లీ మొదటి బౌట్‌లోనే ఓటమి.

మా మేనకోడలి జోడీ పరీక్షలు కాగానే వస్తానందట. ఆ తర్వాత ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ఉందని వాళ్ల నాన్న అప్పుడే గుర్తుచేశాడు. అప్పటిదాకా మా పిల్లకి ట్యూబే.