పిల్ల ఆక్సోలోటల్ తొట్టిలో గులకరాళ్లు వద్దండీ

ఆక్సోలోటల్ (నీళ్లలోనే బతికే, సాలమాండర్ జాతి ఉభయచరం) పెంపకం మీద మీ వ్యాసం బాగుంది. కానీ తొట్టి అడుగున రంగు గులకరాళ్లు పరిస్తే అందంగా ఉంటుందన్న వాక్యం దయచేసి తీసేయండి. ఆక్సోలోటల్ తిండిని నమలదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. ఆ లాగుడులో రాయి కూడా పోయి పేగుకి అడ్డం పడుతుంది.

మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి కోసం తెచ్చిన మూడంగుళాల పిల్ల మొదటి వారంలోనే రాయి మింగేసింది. మూడు రోజులు వానపాము ముక్క మూతి దగ్గర పెట్టినా తల తిప్పేసుకుంది. నాలుగో రోజు పొద్దున బటాణీ గింజలో సగం ఉన్న తెల్ల రాయి బయటికొచ్చింది. మాకు ప్రాణం లేచొచ్చిందనుకోండి! ఆ రోజు నుంచి అడుగున ఏమీ వెయ్యలేదు.

ఇంకోటి, నీళ్ల వేడి. మెక్సికో సిటీలోని సోచిమిల్కో సరస్సు చల్లటి నీళ్ల ప్రాణి అది. 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ అయితే హాయిగా ఉంటుంది, 24 దాటితే జబ్బు పడుతుంది. ఇక్కడి ఎండలకి ఏసీ ఒక్కటే చాలక నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెట్టాం. మొప్పల కొసలు ముందుకి వంగితే ఏదో ఇబ్బంది ఉన్నట్టే. మేం ముందు ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్ల జోరు తగ్గిస్తాం, నీళ్లలో అమ్మోనియా (వ్యర్థాల నుంచి పుట్టే విషం) ఎంతుందో పరీక్ష చేస్తాం. అది సున్నా ఉండాల్సిందే.

జత కోసమని రెండో పిల్లని మాత్రం తేకండి. ఈ వయసులో ఒకదాని కాళ్లు ఒకటి కొరికేస్తాయి. మళ్లీ మొలుస్తాయి నిజమే, కానీ నొప్పి నొప్పే కదా.