'కానీ' గారికి, మా పాప రాకెట్ విషయమై

గౌరవనీయులైన 'కానీ' గారికి,

నమస్కారమండీ. మీరు క్షేమమని తెలుసు. నిన్న సాయంత్రం ఆరున్నరకి మా కాలనీ కమ్యూనిటీ హాల్లో మైకులోంచి మీ గొంతు విన్నాను, ఖంగున మోగింది. మూడింటి నుంచి అదే మైకు "హలో హలో చెక్ చెక్" తప్ప ఒక్క ముక్క సరిగ్గా పలకలేదండీ, అంతా గరగర, మీ వంతు వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని స్పష్టత వచ్చేసింది దానికి.

"పాప చాలా బాగా ఆడింది, అందులో డౌటే లేదు, కానీ..." అన్నారు చీఫ్ గెస్ట్ గారు.

మూడింటికి బ్యాడ్మింటన్ బహుమతుల ఫంక్షన్ అన్నారు, చీఫ్ గెస్ట్ గారు ఐదున్నరకి దిగారు, ఆదివారం పూట కొత్తపేటలో ట్రాఫిక్ అంట, సరే. సమోసాలు చల్లారి అట్టముక్కల్లా అయ్యాయి, సరే. శాలువాలు తక్కువొచ్చి ఒక్క శాలువానే నలుగురు పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి కప్పి ఫొటోలు తీశారు, పోన్లే పాపం. ఫ్లెక్సీ మీద పిల్లల ఫొటోలు పోస్టల్ స్టాంపులంత, అసోసియేషన్ పెద్దల ఫొటోలు తలుపులంత, అది మనకి కొత్తేం కాదు. ఇవన్నీ రాత్రి పడుకునేసరికి మర్చిపోయా. మిమ్మల్ని మాత్రం మర్చిపోలేక తెల్లారి నాలుగింటికి లేచి ఈ ఉత్తరం రాస్తున్నా.

విషయం మీకు తెలుసు, ఆ వాక్యం మధ్యలో కూర్చున్నది మీరే కాబట్టి. అండర్ 15 గర్ల్స్ ఫైనల్, మూడో గేమ్, మా పాప 19-18తో ముందుంది. ఇది వెనక్కి లేపిన షటిల్ వెళ్లి బేస్‌లైన్ మీద పడింది, నేను ఆ లైన్‌కి ఎదురుగానే కుర్చీ వేసుకుని కూర్చున్నా, తెల్లగీత మీద షటిల్ బొడిపె టప్‌మన్న చప్పుడు కూడా విన్నా. అంపైర్ అంకుల్ అవుట్ అన్నాడు. ఇది వెళ్లి అన్నది రెండే ముక్కలు, "అంకుల్, లోపలే పడింది. మీరు ఫోన్ చూస్తున్నారు." తిట్టలేదు, రాకెట్ విసరలేదు, కాలు నేలకేసి కొట్టలేదు. హాలంతా గొల్లుమంది. అంకుల్ ఫోన్ జేబులో పెట్టుకుని "అవుట్ అంటే అవుటే" అన్నాడు. సరేనని ఇది వెళ్లి మిగతా రెండు పాయింట్లూ కొట్టేసి గెల్చింది.

గెలిచినవాళ్లకి రాకెట్ అని లిఫ్ట్ పక్కన అంటించిన పోస్టర్ మీద బొమ్మతో సహా వేశారు. ఆ బొమ్మ చూసుకుంటూ ఇది రెండు వారాలు ఐదో ఫ్లోర్ నుంచి మెట్లు దిగడం మానేసి లిఫ్ట్ కోసం నిలబడింది. నిన్న ఆ రాకెట్ రన్నరప్ పాపకి ఇచ్చారు, "ఉత్తమ క్రమశిక్షణ" బహుమతి అంట, అలాంటి బహుమతి ఒకటుందని సాయంత్రం ఆరుంపావు దాకా భూమ్మీద ఎవరికీ తెలీదు. మా పాపకి రెండు గిన్నెల స్టీలు టిఫిన్ బాక్స్. పైగా చీఫ్ గెస్ట్ గారి ఉపన్యాసం, "మన సింధుని చూసి నేర్చుకోవాలమ్మా, అంత పెద్ద ఛాంపియన్, ఎంత అణకువ!"

సింధుని చూసి నేర్చుకోవాలంట అండీ కానీ గారూ! గచ్చిబౌలి అకాడమీలో అదే సింధుని గోపీచంద్ కోర్టు మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ గట్టిగా అరువు, అరిచేదాకా రాకెట్ ముట్టుకోవడానికి వీల్లేదు అన్నాడని రియో మెడల్ వచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి కదా, ఆ పిల్ల ఏడ్చిందంట కూడా. నోరు లేని పిల్లకి కష్టపడి నోరు నేర్పించి పంపిస్తే 2016లో వెండి తెచ్చింది, 2019లో బాసెల్‌లో ఒకుహారాని 21-7, 21-7తో ఊదేసి వరల్డ్ ఛాంపియన్ అయ్యింది, టోక్యోలో కాంస్యం తెచ్చింది, ఇప్పుడేమో ఆ నోరు చెరిపేసి అణకువ ఒక్కటే మా పిల్లలకి చూపిస్తారా? 2022లో మనీలా ఏమైంది? ఏషియన్ ఛాంపియన్‌షిప్ సెమీస్, యమగూచి మీద మొదటి గేమ్ గెల్చి రెండోదాంట్లో 14-11 మీదుంటే, సర్వీస్‌కి లేట్ చేస్తున్నావని అంపైర్ ఒక పాయింట్ పీకి అవతలామెకి ఇచ్చేశాడు. మన సింధు అణకువగా తలూపి వెళ్లిపోయిందా? అవతలామె రెడీగా లేదని అంపైర్‌తో వాదించింది, రెఫరీతో వాదించింది, మ్యాచ్ పోయాక ఏడ్చింది కూడా. కొన్నాళ్లకి తప్పు మాదేనని ఆసియా టెక్నికల్ కమిటీ పెద్దమనిషి క్షమాపణ చెప్తూ లెటర్ రాశాడు. సింధుకి లెటర్ వచ్చింది, మా దానికి టిఫిన్ బాక్స్ వచ్చింది, తేడా అంతే.

ఇంక నావల్ల కాదు, మీరు గీరు అని రాయలేను. నువ్వు అసలు ఎంత నక్కవో నాకు రాత్రి అర్థమైంది. నువ్వు వాక్యంలో ఎవర్ని ముందు కూర్చోబెడతావో ఎవర్ని వెనక కూర్చోబెడతావో దాంట్లోనే ఉంది నీ కథంతా. మగపిల్లల దగ్గర, "కోహ్లీకి నోరెక్కువే, కానీ ఏం ఆడతాడ్రా!" ఆడపిల్లల దగ్గర, "గుత్తా జ్వాల బాగానే ఆడుతుంది, కానీ నోరెక్కువ." అవే ముక్కలు, అటు ఇటు మారాయంతే. మన భాషలో చివర్లో ఏది పడితే అదే కదా మనసులో మిగిలేది, అందుకని వాడికి ఆట మిగిలింది, ఆమెకి నోరు మిగిలింది. 2012లో సిడ్నీలో కోహ్లీ ప్రేక్షకులకి మధ్యవేలు చూపిస్తే సగం మ్యాచ్ ఫీజు కోశారు, మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి మురిపెంగా చెప్తాడు, "అప్పట్లో చాలా హాట్ గురూ" అని. మన సిరాజ్ 2024 డిసెంబర్‌లో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్‌ని బౌల్డ్ చేసి ఇక దయచెయ్యమని చెయ్యి చూపిస్తే ఇరవై శాతం ఫైన్ పడింది, మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఆ వీడియో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు, పంపిందెవరనుకున్నావ్, నిన్నటి అంపైర్ అంకులే. 2025లో ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలిపించినప్పుడైతే నీ జాడే లేదు ఎక్కడా. వాడి కోపం నాకూ ఇష్టమే, నా గొడవ వాడితో కాదు. మర్యాదకి మారుపేరైన లక్ష్మణ్ కూడా 2010లో మొహాలీలో నడుంనొప్పితో ఆడుతూ, ఒక్క వికెట్ చేతిలో ఉండగా పరుగు దగ్గర తికమకపడ్డ ఓఝా మీదకి బ్యాటెత్తి అరిచేశాడు, ఆ అరుపు చూసి ఎంత ముచ్చటపడ్డామని! దేవుడికీ కోపం వస్తుందన్నాం. అదే పని అమ్మాయి చేసుంటే దేవుడు గీవుడు ఏం లేదు, పొగరు అనేవాళ్లం.

నిఖత్ జరీన్ సంగతి చూడు. 2019లో ట్రయల్ పెట్టండి, గెల్చినవాళ్లనే ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కి పంపండి అని క్రీడల మంత్రికి లెటర్ రాసింది. అడిగింది ట్రయల్, ఎవరి ఆస్తులూ కాదు. మేరీ కోమ్ అంతటి ఆవిడతో పెట్టుకుంటుందా, మంచి బాక్సరే కానీ, అన్నావ్. ట్రయల్ పెట్టారు, 9-1తో ఓడిపోయింది, ఇంక చూడు నీ సంబరం. 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయ్యేసరికి ధైర్యం గల మన నిజామాబాద్ బిడ్డ అయిపోయింది. అంటే ఓడితే పొగరు, గెలిస్తే ధైర్యం, మధ్యలో ఆ పిల్ల మాత్రం అదే పిల్ల. సానియా గురించి నాతో మాట్లాడించకు, స్కర్ట్ పొడవు కొలిచినవాళ్లలో ఎంతమందికి ఆమె గ్రాండ్‌స్లామ్‌లు ఆరని తెలుసో నాకు డౌటే.

ఇంతకీ ఆటగాళ్ల నోటితో అభిమానులకి పనేంటి, ఆట చూసుకుని పోవచ్చు కదా అని కొందరంటారు, నిన్న మా ఆడపడుచు కూడా అంది. నాకది మింగుడు పడదు. పనుంది, ఎందుకు లేదు? ఉత్త స్కోరే కావాలంటే ఫోన్‌లో అంకెలు చూసుకుని పడుకోవచ్చు, పనులన్నీ పక్కన పెట్టి టీవీ ముందు గోళ్లు కొరుక్కునేది ఆ మనిషి కోసమే. మోసం చేసేవాడు, అవతలివాళ్ల అమ్మానాన్నల్ని తిట్టేవాడు ఎన్ని కప్పులు తెచ్చినా నాకు నచ్చడు, ఆ హక్కు నాకుంది. నోరు చేసుకోవడం వేరు, నిజం చెప్పడం వేరు. నువ్వు రెండిటినీ ఒకే గంప కింద కప్పుతావ్, దాంతోనే నాకు పేచీ.

సరే, అందర్నీ అన్నా, నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నువ్వే చెప్పేస్తావ్. 2013లో జ్వాల గొడవ నడుస్తున్నప్పుడు ఆఫీస్ క్యాంటీన్‌లో లంచ్ బాక్స్ మూత తీస్తూ నేనే అన్నా, "మంచి ప్లేయరే, కానీ ఎందుకంత నోరు, సర్దుకుపోవచ్చు కదా." అనేసి పప్పు కలుపుకుని తిన్నా. అప్పటికి ఆమె అశ్వినితో కలిసి 2010 కామన్వెల్త్‌లో గోల్డ్ కొట్టింది, 2011లో లండన్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చింది, మరుసటేడు ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క పాయింట్ తేడాతో క్వార్టర్స్ పోయింది. తర్వాత ఐబీఎల్, అంటే బ్యాడ్మింటన్ లీగ్, దాని వేలంలో ఆమెదీ అశ్వినిదీ బేస్ ప్రైస్ యాభై వేల డాలర్ల నుంచి పాతిక వేలకి దించితే ఆమె ఇదేం న్యాయం అంది. ఎవరన్నా అడగరా? నా జీతంలో సగం కోస్తే నేను ఊరుకుంటానా? లీగ్ అయ్యాక జీవితకాల నిషేధం పెట్టాలని సిఫారసు చేశారు, జీవితకాలం! ఢిల్లీ హైకోర్టుకెక్కితే గానీ ఆడనివ్వలేదు. మరుసటేడు ఉబెర్ కప్‌లో ఇండియాకి కాంస్యం తెచ్చిన టీమ్‌లో ఉంది. ఆ రోజు క్యాంటీన్‌లో నేను ఇవేవీ అనలేదు, నిన్నే అన్నా. నిన్న హాల్లో రెండో వరసలో కూర్చుని ఆ చీఫ్ గెస్ట్ నోట్లోంచి నా మాటే, అదే దీర్ఘంతో, నా కూతురి మీదకి వస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. లేచి అడగాల్సింది. అడగలేదు. చప్పట్లు కొట్టకుండా కూర్చున్నా, అదే నా పౌరుషం.

ఇంటికొచ్చాక మా ఆయన, "అది చెప్పింది కరెక్టే, కా..." అని నా మొహం చూసి సగంలో మింగేశాడు. సగమే వచ్చినా గుర్తుపట్టా నిన్ను.

మెట్ల దగ్గర మాత్రం ఒకటి జరిగింది. ఆ రన్నరప్ పాప పరిగెత్తుకొచ్చి రాకెట్ ముందుకు చాపి "ఆంటీ, ఇది తనది కదా" అంది. కవర్ కూడా విప్పలేదు. మాది దాన్ని తీసుకుని గాల్లో రెండుసార్లు ఊపి చూసి వెనక్కిచ్చేసింది, "నువ్వే ఉంచుకో, గ్రిప్ మార్పించు, చెమట పడితే జారుద్ది." టిఫిన్ బాక్స్ మాత్రం ఆ పిల్లకి ఇవ్వబోయింది, నేనే ఆపా.

పూర్వం కాణీ అని ఒక చిల్లర నాణెం ఉండేదంట, కాణీకి కొరగాడు అనేవాళ్లు. నువ్వు దానికి దీర్ఘాల వరసన చుట్టానివై ఉంటావ్. మా అమ్మమ్మ దగ్గర మాత్రం నీకు వేరే ఉద్యోగం ఉండేది, విస్తరి ముందు మమ్మల్ని కూర్చోబెట్టి నెయ్యి వేసి "ఊఁ, కానీ" అనేది, అంటే మొదలుపెట్టు అని. ఆ ఉద్యోగం ఎప్పుడు మానేశావో మరి.

ఇది ఇక్కడితో ఆపేద్దామనుకునేలోపు ఐదున్నరకి అలారం మోగింది, ప్రాక్టీస్. కోర్టులో ఇంకా సగం లైట్లే వేశారు. పాత రాకెట్, ఫ్రేమ్ మీద పెయింట్ లేచిపోయింది. షటిల్ ఈకలు వేళ్లతో సవరిస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"అమ్మా, అంకుల్‌ని అలా అనకుండా ఉండాల్సిందా?"

"లోపలే పడిందా?"

"లైన్ మీద."

"ఫోన్ చూస్తున్నాడా?"

"చూస్తున్నాడు."

షటిల్ పట్టుకుని సర్వీస్‌కి నిలబడింది, ఇంకా కొట్టట్లేదు, నా మొహంకేసే చూస్తోంది.

"ఊఁ, కానీ" అన్నా.

ఇట్లు,
టిఫిన్ బాక్స్ వాళ్లమ్మ
కొత్తపేట, హైదరాబాద్